"ఇంటికి తోల్కపోండ్రి": నయం కాని బిడ్డల చరిత్ర, డిచ్‌పల్లి నుంచి రెడ్‌హిల్స్ దాకా

ఇవాళ మాట్లాడుకోబోయే విషయం కొంచెం బరువైనది. పిల్లలు పక్కనుంటే, వాళ్లు పడుకున్నాక వినండి. లేదా ఎపిసోడ్ చివరికి వచ్చేసరికి, వాళ్లు విన్నా తప్పు లేదని మీకే అనిపించొచ్చు. అది మీ ఇష్టం.

మాది బోధన్ దగ్గర ఊరు. ఎనభైల్లో, నా చిన్నప్పుడు, సెలవులొస్తే శక్కర్‌నగర్‌లో మా మేనమామ ఇంట్లో ఉండేవాణ్ని. నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడుస్తున్న రోజులు. చెరకు బండ్లు రోడ్డు పొడుగునా నిలబడేవి, మొలాసిస్ వాసన బట్టలకు కూడా పట్టేది. మామ వాళ్ల పక్కింట్లో నా ఈడు పిల్లోడు ఒకడుండేవాడు. పేరు చెప్పను. ఒక ఏడాది నేను వెళ్లేసరికి వాడు మంచంలో ఉన్నాడు. పెద్దవాళ్లు వంటింట్లో గుసగుసగా "రక్తంల క్యాన్సరట" అనుకునేవాళ్లు. మాకు మాత్రం "వానికి జరం, తగ్గుతది" అని చెప్పారు. వాడికీ అదే చెప్పారు.

ఒక మధ్యాహ్నం వాళ్లమ్మ నీళ్లకని బయటికి పోయినప్పుడు వాడు నన్ను పిలిచి అడిగాడు. "అరేయ్, నేను సచ్చిపోతనని మా అమ్మకు ఎర్కేనా?"

జాగ్రత్తగా వినండి. "నేను చచ్చిపోతానా" అని వాడు అడగలేదు. అది వాడికి తెలుసు. వాడి బెంగంతా వాళ్లమ్మ గురించే. నాకు తొమ్మిదేళ్లు. ఏం చెప్పాలో తెలియక "నన్ను ఆటకు పిలుస్తున్నరు" అని పారిపోయి వచ్చాను. అంతకుముందు పట్నంలో డాక్టరు వాళ్ల నాన్నతో "ఇగ ఇంటికి తోల్కపోండి" అన్నాడని చాలా ఏళ్ల తర్వాత మామ చెప్పాడు. ఒక కాగితం, ఒక మందు, ఒక ఫోన్ నంబర్, ఏమీ ఇవ్వలేదు. ఆ మాట ఒక్కటే ఇచ్చి పంపారు.

ఇవాళ్టి ఎపిసోడ్ ఆ మాట గురించే. నయం చేయలేని జబ్బు బిడ్డకు వచ్చినప్పుడు మన దగ్గర, బయటి ప్రపంచంలో, మనుషులు ఏం చేశారు? ఎవరు పక్కన కూర్చున్నారు? ఎవరు లేచి వెళ్లిపోయారు?

ముందు మన జిల్లా నుంచే మొదలుపెడదాం. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ పోతుంటే డిచ్‌పల్లి వస్తుంది కదా. అక్కడి పాత కుష్టు ఆసుపత్రి గురించి మీరు వినే ఉంటారు. ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ స్కాట్లాండ్ మనిషి, ఆబర్డీన్‌లో వైద్యం చదువుకుంది. ఆమె భర్త జార్జ్ కెర్ మెథడిస్ట్ మిషన్ పాస్టర్. 1907లో ఇద్దరూ నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్ ప్రాంతంలో పని మొదలుపెట్టాక వాళ్ల కంట్లో పడింది ఏంటంటే, ఊళ్ల నుంచి వెళ్లగొట్టిన కుష్టు రోగులు. నిజామాబాద్ దాత రాజా నర్సాగౌడ్ డబ్బు ఇచ్చాడు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి మొదలైంది. ఇసబెల్ కెర్ 1932లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉంది.

పిల్లల పాలియేటివ్ కేర్ గురించి చెప్తానని కుష్టు ఆసుపత్రి ఎందుకు తెచ్చానంటే, 1915లో కుష్టుకు మందు లేదు. చాల్‌మూగ్రా నూనె ఉండేది. తాగిస్తే కడుపులో తిప్పేది. సూదితో ఎక్కిస్తే విపరీతమైన నొప్పి. కొందరికి కొంత మేలు జరిగింది, చాలామందికి లేదు. నిజమైన మందులు 1940ల్లో సల్ఫోన్లతో మొదలయ్యాయి. మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1981లో. అంటే డిచ్‌పల్లి ఆసుపత్రి మొదటి ముప్పై ఏళ్లు, సూటిగా చెప్పాలంటే, నయం చేస్తామన్న హామీ లేకుండానే నడిచింది. పుండు కడగడం, కట్టు కట్టడం, అన్నం పెట్టడం, పని నేర్పడం, పేరు పెట్టి పిలవడం. "చేయడానికి ఏం లేదు" అని ఊరంతా చేతులు దులుపుకున్నచోట, చేయడానికి రోజుకు సరిపడా పని ఉందని మన జిల్లాలోనే ఒకరు చూపించారన్నమాట.

అయితే ఆ చరిత్రలో ఇంకో ముఖం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. ఆ కాలంలో దేశమంతా కుష్టు ఆశ్రమాల్లో ఒక నియమం ఉండేది. రోగులైన తల్లిదండ్రుల నుంచి ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని వేరుచేసి వేరే ఇళ్లలో పెంచేవాళ్లు. అంటువ్యాధి భయం అర్థం చేసుకోగలం. కానీ బిడ్డకు దాని అర్థం ఒకటే: అమ్మ పోయింది. మంచి చేస్తున్నామనే నమ్మకంతోనే బంధాన్ని తెంచేశారు.

ఇది మన దేశపు ముచ్చటే కాదు. ఇంగ్లండులో 1950ల దాకా చాలా ఆసుపత్రుల్లో పిల్లల్ని చూడటానికి అమ్మానాన్నలకు గడియారం పెట్టి టైం ఇచ్చేవాళ్లు. తల్లి వచ్చిపోతే పిల్లలు ఏడుస్తున్నారు కాబట్టి రాకపోతేనే మంచిదని వాదన. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ రెండేళ్ల పాప ఆసుపత్రిలో గడిపిన రోజుల్ని సినిమా తీశాడు. అందులో పాప పెద్దగా గోల చేయదు. మెల్లమెల్లగా ముడుచుకుపోతుంది. డాక్టర్లు "నెమ్మదించింది" అనుకున్నది నిజానికి ఆశ వదులుకోవడం. 1959లో ప్లాట్ కమిటీ నివేదిక వచ్చాక తలుపులు కొద్దికొద్దిగా తెరుచుకున్నాయి.

ఈ విషయంలో మనవాళ్లు గర్వపడొచ్చు. మన సర్కారు దవాఖానలో బెడ్డు కింద చాప పరుచుకుని అమ్మ ఉంటుంది. వరండాలో అమ్మమ్మ ఉంటుంది. టిఫిన్ డబ్బా పట్టుకుని చిన్నాన్న వస్తాడు. బిడ్డను ఒంటరిగా వదిలిపెట్టడం మన పద్ధతి కాదు. కానీ శక్కర్‌నగర్‌లో నా దోస్తు చుట్టూ కూడా మనుషులు నిండా ఉన్నారు. అయినా వాడు ఒంటరివాడే. ఎందుకంటే తనకు తెలిసింది చెప్పుకోవడానికి వాడికి ఎవరూ లేరు.

దీని మీద ఒక పెద్ద పరిశోధన ఉంది. మైరా బ్లూబాండ్-లాంగ్నర్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త ఒక పిల్లల ఆసుపత్రిలో, లుకేమియాతో ఉన్న మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల మధ్య గడిపింది. 1978లో ఆమె పుస్తకం వచ్చింది. ఆమె చూసింది ఏంటంటే, పిల్లలకు ఎవరూ చెప్పకపోయినా తెలుసు. ఏ మందు తర్వాత ఏ మందు వస్తుందో తెలుసు. పక్క బెడ్డు పిల్ల ఎందుకు తిరిగి రాలేదో తెలుసు. అయినా వాళ్లు తెలియనట్టు నటిస్తారు. ఎందుకంటే ఆ మాట ఎత్తితే అమ్మ ఏడుస్తుంది, నాన్న గదిలోంచి వెళ్లిపోతాడు, నర్సు తొందర తొందరగా పని ముగించుకుంటుంది. పెద్దవాళ్లను తమ దగ్గర నిలుపుకోవడానికి పిల్లలు ఆ నాటకం ఆడతారు. ఆ పుస్తకం గురించి తెలిసిన రోజు నాకు ఆ మధ్యాహ్నం మళ్లీ గుర్తొచ్చింది. వాడు అమ్మను కాపాడుతున్నాడు, అమ్మ వాణ్ని కాపాడుతోంది. మధ్యలో ఇద్దరికీ ఎవరూ లేరు.

మాట గురించి చెప్పుకున్నాం. ఇప్పుడు నొప్పి గురించి చెప్పుకుందాం. ఇక్కడ చరిత్ర ఇంకా చేదుగా ఉంటుంది. పసిపిల్లలకు నొప్పి తెలియదని, వాళ్ల నరాలు ఇంకా పూర్తిగా తయారు కాలేదని వైద్యులు చాలాకాలం నమ్మారు. 1980ల్లో కూడా అప్పుడే పుట్టిన పిల్లలకు సరైన మత్తు లేకుండా ఆపరేషన్లు జరిగేవి. కదలకుండా మందిచ్చేవాళ్లు, నొప్పికి ఇచ్చేవాళ్లు కాదు. దాన్ని మార్చినవాళ్లలో మన దేశంలో పుట్టిన డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్ ముఖ్యుడు. ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి, నవజాత శిశువులకు నొప్పి ఉంటుందని, దానికి మత్తు ఇస్తే బిడ్డ బాగా కోలుకుంటుందని చూపించాడు. 1987లో వచ్చిన ఆ వ్యాసాలతో ప్రపంచమంతా పద్ధతి మారడం మొదలైంది. ఆలోచించండి, 1987. మనలో చాలామంది అప్పటికే పుట్టాం.

అదే ఆక్స్‌ఫర్డ్‌లో 1982లో ఇంకో పని జరిగింది. హెలెన్ అనే చిన్నపాపకు మెదడులో కణితి. ఆపరేషన్ తర్వాత ప్రాణం నిలిచింది కానీ తనంతట తాను ఏమీ చేసుకోలేని స్థితి. తల్లిదండ్రులు ఇంట్లో రాత్రీ పగలూ చూసుకుంటున్నారు. ఫ్రాన్సిస్ డొమినికా అనే సన్యాసిని వాళ్లకు స్నేహితురాలైంది. అప్పుడప్పుడు కొన్ని రోజులు పాపను తన దగ్గర ఉంచుకుని, వాళ్లను కాస్త ఊపిరి పీల్చుకోమంది. ఆ స్నేహం నుంచి పుట్టిందే హెలెన్ హౌస్, ప్రపంచంలో మొదటి పిల్లల హాస్పిస్. పెద్దవాళ్లకు సిసిలీ సాండర్స్ 1967లోనే లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ పెట్టింది. పిల్లలకు రావడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. ఆ ఇంటి మొదటి ఆలోచన చావు గురించి కాదు, అలసిపోయిన అమ్మానాన్నలకు నాలుగు రాత్రుల నిద్ర గురించి.

ఇక మన దేశం. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది, ఎన్‌డీపీఎస్ అంటాం. ఉద్దేశం స్మగ్లింగును ఆపడం. కానీ మార్ఫిన్ ఉంచుకోవాలంటే ఆసుపత్రికి ఎన్నో లైసెన్సులు, తప్పు జరిగితే కఠిన శిక్షలు. డాక్టర్లు, మందుల షాపులు భయపడి మానేశారు. ఆ తర్వాత పదేళ్లు దాటేసరికి దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ 90 శాతానికి పైగా పడిపోయింది. చట్టబద్ధంగా నల్లమందు పండించే పెద్ద దేశాల్లో మనదొకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో పంట పండుతుంది, బోధన్‌లో క్యాన్సర్ బిడ్డకు చుక్క దొరకదు. మా దోస్తు సరిగ్గా ఆ కాలం పిల్లోడే.

1993లో కేరళలో, కాలికట్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ చిన్న క్లినిక్ మొదలుపెట్టారు. అక్కడి నుంచి పక్కింటివాళ్లు, కాలేజీ పిల్లలు, ఆటోడ్రైవర్లు కూడా పాలుపంచుకునే పద్ధతి పెరిగింది. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో 2000 దశకంలో డాక్టర్ గాయత్రీ పాలత్ పాలియేటివ్ విభాగాన్ని నిలబెట్టారు. అందులో పిల్లల కోసం ప్రత్యేకంగా పని చేశారు. నిజామాబాద్, ఆదిలాబాద్, మెదక్ నుంచి బిడ్డల్ని ఎత్తుకొచ్చే పేదవాళ్లకు ఎంఎన్‌జేనే దిక్కు కదా. 2009లో హ్యూమన్ రైట్స్ వాచ్ మన దేశంలో నొప్పి చికిత్స మీద నివేదిక ఇచ్చింది. ప్రభుత్వ సాయంతో నడిచే ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రాల్లో సగానికి పైగా పాలియేటివ్ కేర్ లేదని తేల్చింది. ఉన్న కొద్దిచోట్లలో హైదరాబాద్ ఒకటి. 2014లో పార్లమెంటు ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించి, మార్ఫిన్ లాంటి అవసరమైన మందులకు లైసెన్సుల చిక్కు తగ్గించింది.

మార్ఫిన్ అంటే మనకు భయం. "అది ఇస్తే ఆఖరే", "అలవాటు పడతాడు" అంటారు. ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే సగం భయం పోతుంది. బిడ్డ బరువును బట్టి మోతాదు. నోటి ద్వారానే ఇస్తారు. మామూలు రకమైతే నాలుగు గంటలకోసారి, నొప్పి వచ్చాక కాదు, రాకముందే, గడియారం ప్రకారం. మలబద్ధకం వస్తుంది కాబట్టి దానికీ మందు కలిపి రాస్తారు. డాక్టర్ చెప్పినట్టు వాడితే, నొప్పి కోసం తీసుకునే బిడ్డ మత్తుకు బానిస కావడం చాలా అరుదు. నొప్పి తగ్గిన బిడ్డ ఏం చేస్తుందో తెలుసా? పడుకుంటుంది. లేచాక ఆడుకుంటుంది.

ఇంకో అపోహ ఏంటంటే, పాలియేటివ్ అంటే చికిత్స ఆపేయడం అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లోనే పిల్లల విషయంలో స్పష్టంగా చెప్పింది: జబ్బు తెలిసిన రోజు నుంచే ఇది మొదలవ్వాలి, జబ్బుకు చికిత్స జరుగుతున్నా, జరగకపోయినా సాగాలి. ధనిక దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో ఇప్పుడు 80 శాతానికి పైగా బతుకుతున్నారు. కాబట్టి కీమో తీసుకుంటూ నయమయ్యే బిడ్డకు కూడా ఇదే నొప్పి మందు, ఇదే ధైర్యం కావాలి. తలసీమియా, కండరాల క్షీణత, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకైతే ఏళ్ల తరబడి కావాలి.

కండరాల క్షీణత అంటే మన రాష్ట్రంలో ఒక కేసు గుర్తుకు రావాలి. 2004లో హైదరాబాద్‌లో వెంకటేశ్ అనే 25 ఏళ్ల చెస్ ఆటగాడు. చిన్నప్పటి నుంచీ ఆ జబ్బే. తన అవయవాలు పాడవకముందే దానం చేయాలని, అందుకు తనను పోనివ్వాలని కోరాడు. తల్లి సుజాత కొడుకు మాట పట్టుకుని హైకోర్టుకు వెళ్లింది. కోర్టు ఒప్పుకోలేదు. ఆ డిసెంబర్‌లోనే అతను చనిపోయాడు. ఈమధ్య హిందీలో సినిమా కూడా వచ్చింది. ఆనాడు టీవీలన్నీ కారుణ్య మరణం సరైందా కాదా అని వాదించుకున్నాయి. పాలియేటివ్ కేర్ దానికి వేరు. ఇది చావును తొందరపెట్టదు, ఆలస్యమూ చేయదు. నాకు ఆ కేసులో ఎప్పటికీ గుర్తుండేది తీర్పు కాదు. కొడుకు తన చావు గురించి తల్లితో మాట్లాడగలిగాడు, తల్లి విని, దాన్ని మోసుకుని కోర్టు మెట్లెక్కింది. ఆ కోరిక సరైందా కాదా అన్నది వేరే చర్చ. ఆ ఇంట్లో నాటకం లేదు.

ఇప్పుడు మళ్లీ మన నిజామాబాద్‌కు వద్దాం. ఇక్కడి ఇళ్లు మీకు తెలుసు. నాన్న దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు. అమ్మ బీడీలు చుడుతుంది. తాత చెరకు పండించినవాడో, ఫ్యాక్టరీలో చేసినవాడో. ఆ ఫ్యాక్టరీ కూడా 2015 డిసెంబర్‌లో మూతపడింది. అలాంటి ఇంట్లో బిడ్డకు పెద్ద జబ్బు వస్తే నిర్ణయం ఎవరిది? పద్దెనిమిదేళ్ల లోపు కాబట్టి చట్టప్రకారం తల్లిదండ్రులది. నిజంగా జరిగేదేంటి? గల్ఫ్ నుంచి నాన్న వీడియో కాల్‌లో "ఎంతైనా పెడదాం, కార్పొరేట్ దవాఖానకు తీస్కపో" అంటాడు. దూరంగా ఉన్న అపరాధభావం ఆయనతో అలా అనిపిస్తుంది. రోజూ బిడ్డ మూలుగు వినే అమ్మకు ఇంకో సూది వద్దనిపిస్తుంది, కానీ ఆ మాట అంటే "తల్లివై ఉండి అట్లంటవా" అంటారు. పొలం అమ్ముతారు. ఇంకో బిడ్డ చదువు మానేస్తుంది, ఆ పిల్లను ఎవరూ పట్టించుకోరు. బిడ్డను మాత్రం ఎవరూ అడగరు.

డాక్టర్లు కూడా మనుషులే. "నయం కాదు" అని చెప్పడం వాళ్లకూ చేతకాదు, ఎవరూ నేర్పలేదు. అందుకే ఇంకో సైకిల్ కీమో రాస్తారు, లేదా "ఇంటికి తోల్కపోండి" అంటారు. రెండూ ఆ కష్టమైన మాట నుంచి తప్పించుకునే దారులే.

మరి ఏం చేయాలి? మంచి పాలియేటివ్ బృందాలు చేసే పని చాలా సాదాగా ఉంటుంది. ముందు బిడ్డను అడుగుతారు: "నీకేమైతున్నదో నువ్వు ఏమనుకుంటున్నవ్ బిడ్డా?" జవాబు విన్నాక, బిడ్డ అడిగినంతే చెప్తారు, అబద్ధం మాత్రం చెప్పరు. బొమ్మ గీయమంటారు. మాట రానిచోట బొమ్మ చెప్తుంది. నాన్నను ఫోన్లోనే కూర్చోబెట్టి, అమ్మ కూడా అక్కడే ఉండగా, ఇద్దరికీ ఒకేసారి ఒకే మాట చెప్తారు. అక్కనో తమ్ముణ్నో పిలిచి "నీ వల్ల రాలేదు ఈ జబ్బు" అని చెప్తారు, ఎందుకంటే చిన్నపిల్లలు లోపల అలాగే అనుకుంటారు. బిడ్డ పోయాక కూడా ఒకసారి ఫోన్ చేస్తారు.

"ఇంటికి తోల్కపోండి" అన్న మాట వీళ్లూ అంటారు. బిడ్డకు ఇల్లే కావాలి కదా, తన మంచం, తన మేకపిల్ల, తన నానమ్మ. కానీ వీళ్లు ఆ మాటతో పాటు మందు సీసా ఇస్తారు, ఎలా పోయాలో చూపిస్తారు, రాత్రి రెండు గంటలకైనా ఎత్తే ఫోన్ నంబర్ ఇస్తారు. మాట ఒకటే. మొదటిది వదిలేయడం, రెండోది వెంట రావడం.

డిచ్‌పల్లిలో వందేళ్ల క్రితం మందు లేకుండానే మనిషి పక్కన నిలబడ్డారు. ఇవాళ మన చేతిలో మందు ఉంది, చట్టం మారింది, నిజామాబాద్‌లో మెడికల్ కాలేజీ ఉంది, తెలంగాణ ప్రభుత్వం జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు కూడా మొదలుపెట్టింది. మీ ఇంట్లో, మీ వాడలో ఇలాంటి బిడ్డ ఉంటే, "నొప్పికి మందు ఉందా, ఇంటికి వచ్చి చూసేవాళ్లున్నారా" అని దవాఖానలో అడగండి. అది అడగడం ఆశ వదులుకోవడం కాదు.

ఆ బిడ్డ మిమ్మల్ని ఏదైనా అడిగితే, ఆట ఉందని చెప్పి నాలాగా పారిపోకండి. జవాబు తెలియకపోతే "నాకూ తెల్వది బిడ్డా, కానీ నేనీడనే ఉంట" అనండి. నా దోస్తుకు ఆ రోజు అంతకంటే ఎక్కువ ఏమీ అక్కర్లేదని నాకిప్పుడు అనిపిస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో నిజాంసాగర్ కింద వెలిసిన క్యాంపుల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు. నమస్కారం.